హద్దు దాటని వేడి

క్యాన్సర్ కణాన్ని వేడితో చంపడం అంత కష్టమైన పనేమీ కాదు. మన ఒంటి వేడి 37 డిగ్రీల సెల్సియస్. దాన్ని ఇంకో ఆరు డిగ్రీలు పెంచి, 43 దగ్గర ఓ గంటసేపు నిలిపితే చాలా రకాల కణాలు కోలుకోలేని దెబ్బ తింటాయి. 44 డిగ్రీలైతే అరగంట చాలు, 45 అయితే పావుగంట. 43 దాటాక ఒక్కో డిగ్రీ పెరిగినప్పుడల్లా పట్టే సమయం సగానికి పడిపోతుందని 1984లో సపరెటో, డ్యూయీ అనే శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. వేడి చికిత్సలో మోతాదును ఇప్పటికీ ఆ లెక్కతోనే కొలుస్తారు. ఇక 60 డిగ్రీలు తాకిందంటే గడియారం చూడాల్సిన పని కూడా లేదు. కణంలోని ప్రొటీన్లు గడ్డకట్టి, అది అక్కడికక్కడే చచ్చిపోతుంది.

చిక్కేమిటంటే, పక్కనున్న మంచి కణానికీ ఇదే లెక్క వర్తిస్తుంది. కణితి లోపల రక్తప్రసరణ సరిగ్గా ఉండదు కాబట్టి అక్కడ చేరిన వేడి త్వరగా బయటికి పోదు. ఆక్సిజన్ తక్కువగా, ఆమ్లత్వం ఎక్కువగా ఉండే ఆ వాతావరణంలో క్యాన్సర్ కణాలు వేడికి కాస్త ముందుగా లొంగుతాయి కూడా. అయినా ఈ తేడా చాలా స్వల్పం. దాన్ని నమ్ముకుని ఒళ్లంతా కాచలేం. వేడి ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ ఆగిపోవాలో మిల్లీమీటర్ల లెక్కన శాసించగలిగినప్పుడే అది వైద్యమవుతుంది. కాంతిని పీల్చుకుని వేడెక్కే నానో కణాల కథంతా ఈ హద్దు గీయడానికి పడుతున్న పాటే.

వేడికీ కణితికీ ఏదో సంబంధం ఉందని వైద్యులు గమనించి చాలాకాలమైంది. 1866లో జర్మన్ వైద్యుడు బుష్ ఒక వింత సంగతి రాసిపెట్టాడు. ముఖంపై సార్కోమా ఉన్న రోగికి ఎరిసిపెలస్ అనే చర్మపు ఇన్ఫెక్షన్ సోకి, విపరీతమైన జ్వరం వచ్చింది. జ్వరంతో పాటు కణితీ మాయమైంది. పాతికేళ్ల తర్వాత, 1891లో, న్యూయార్క్ సర్జన్ విలియం కోలీ ఇంకో అడుగు ముందుకు వేసి రోగులకు కావాలనే బ్యాక్టీరియా ఎక్కించి జ్వరం తెప్పించాడు. కొందరిలో కణితులు తగ్గాయి, కొందరు ఇన్ఫెక్షన్‌తోనే పోయారు. ఆ తగ్గడంలో వేడి పాత్ర కన్నా రోగనిరోధక శక్తి పాత్రే ఎక్కువని ఇప్పుడు భావిస్తున్నారు. ఆ సంగతికి మళ్లీ వద్దాం.

ఈనాటి ఆసుపత్రుల్లో వేడిని వాడే పద్ధతులు ఉన్నాయి. కాలేయంలో చిన్న కణితి ఉంటే, చర్మం మీదుగా సన్నని సూది లాంటి పరికరాన్ని అందులోకి దించి, రేడియో తరంగాలతోనో మైక్రోవేవ్‌తోనో మాడ్చేస్తారు. రేడియోఫ్రీక్వెన్సీ అబ్లేషన్, మైక్రోవేవ్ అబ్లేషన్ అనేవి ఇవే. అయితే సూది చుట్టూ వేడి దాదాపు గుండ్రంగా పరుచుకుంటుంది. కణితి ఎప్పుడూ గుండ్రంగా పెరగదు. పక్కనే పెద్ద రక్తనాళం ఉంటే ప్రవహించే రక్తం ఆ వైపు వేడిని లాక్కుపోతుంది. దాంతో ఒకవైపు మంచి కణజాలం మాడుతుంది, ఇంకోవైపు క్యాన్సర్ మిగులుతుంది.

మరి వేడిని బయటి నుంచి మోసుకెళ్లే బదులు, వేడి పుట్టించే వస్తువునే ముందుగా కణితిలో చేర్చి ఉంచితే? ఒంటికి హాని చేయని కాంతిని ఆ చోటికి పంపితే, ఆ వస్తువు ఉన్నంత మేరే కాలుతుంది కదా! ఈ ఊహ నిజం కావాలంటే రెండు కావాలి: ఒంటిని దాటి లోపలికి వెళ్లే కాంతి, ఆ కాంతిని మాత్రం వదలకుండా పట్టేసే పదార్థం.

ఒంటిని దాటే కాంతి

చీకటి గదిలో సెల్‌ఫోన్ టార్చిపై వేలు పెట్టి చూడండి. తెల్లటి కాంతి వెళ్లిన వేలు ఎర్రగా వెలుగుతుంది. నీలం, ఆకుపచ్చ కాంతులను రక్తంలోని హిమోగ్లోబిన్ పీల్చేసుకుంటే, ఎరుపు ఒక్కటే అవతలికి బయటపడుతోందన్న మాట. ఆ ఎరుపు దాటి ఇంకాస్త ముందుకు, కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిలోకి వెళితే దారి మరింత సులువవుతుంది. తరంగదైర్ఘ్యం సుమారు 700 నుంచి 900 నానోమీటర్ల మధ్య ఉన్నప్పుడు హిమోగ్లోబిన్ పీల్చేదీ తక్కువే, నీరు పీల్చేదీ తక్కువే. ఇంకా ముందుకు పోతే నీరు అడ్డుపడటం మొదలుపెడుతుంది. కణజాలం తలుపు ఓరగా తెరిచి ఉంచిన చోటు ఇది.

ఈ సందు మనకు తెలియకుండానే పరిచయమైంది. కోవిడ్ రోజుల్లో ఇంటింటా వేలికి తగిలించుకున్న ఆక్సీమీటర్ 660 నానోమీటర్ల ఎరుపు కాంతిని, 940 నానోమీటర్ల పరారుణ కాంతిని వేలి గుండా పంపి, అవతల ఎంత మిగిలిందో కొలిచి, రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చెప్పేది. కాంతి వేలిని దాటకపోతే ఆ పరికరమే లేదు.

అలాగని ఈ కాంతి ఒంట్లో ఎంత దూరమైనా పోతుందనుకోకూడదు. కణజాలంలో అడుగడుగునా చెదిరిపోతూ, మిల్లీమీటరు మిల్లీమీటరుకూ పలచబడుతుంది. చికిత్సకు చాలినంత బలంగా ఉండేది మహా అయితే ఒకటి రెండు సెంటీమీటర్ల లోతు వరకే. ఈ పరిమితి తర్వాతి కథలో పెద్ద పాత్ర వహిస్తుంది.

పసుపు రంగు వదిలిన బంగారం

కాంతిని పట్టే పదార్థంగా ఎన్నో వచ్చాయి గానీ, వాటిలో ముందు నడిచింది బంగారమే. నగలో పసుపు రంగులో మెరిసే బంగారం, నానోమీటర్ల పరిమాణానికి చిన్నబడితే ఆ రంగు వదిలేస్తుంది. 1857లో మైకేల్ ఫారడే లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో బంగారాన్ని అతి సూక్ష్మ కణాలుగా నీటిలో తేలేట్టు చేసి, ఆ ద్రవం కెంపు రంగులో ఉండటం చూశాడు. బంగారం మారలేదని, కణం చిన్నదవడమే రంగు మారడానికి కారణమని గుర్తించాడు. ఆయన తయారుచేసిన సీసాల్లో కొన్ని ఇప్పటికీ అక్కడ భద్రంగా ఉన్నాయి. రంగు ఎందుకు మారుతుందో గణితంతో వివరించింది 1908లో గుస్టావ్ మీ అనే జర్మన్ భౌతిక శాస్త్రవేత్త.

వివరణ సారాంశం ఇది. లోహంలో ఎలక్ట్రాన్లు స్వేచ్ఛగా తిరుగుతుంటాయి. చిన్న కణంపై కాంతి పడినప్పుడు, ఆ కాంతిలోని విద్యుత్ క్షేత్రం ఎలక్ట్రాన్ల గుంపు మొత్తాన్ని ఒక పక్కకి లాగుతుంది, మరుక్షణం ఇంకో పక్కకి నెడుతుంది. ఊయల ఊపేవాళ్లకు తెలిసిన సంగతే ఇక్కడా పనిచేస్తుంది: ఊయల తన లయలో వెనక్కి వచ్చిన క్షణానే తోస్తే, చిన్న తోపుకే అది ఎత్తుకు లేస్తుంది. కాంతి లయ, ఎలక్ట్రాన్ల సొంత లయ కలిసిన తరంగదైర్ఘ్యం దగ్గర కణం తన సైజుకు మించి కాంతిని లాగేసుకుంటుంది. 20 నానోమీటర్ల బంగారు గోళంలో ఈ కలయిక 520 నానోమీటర్ల దగ్గర, అంటే ఆకుపచ్చ కాంతిలో జరుగుతుంది. పచ్చని కాంతి పోగా మిగిలినదే ఫారడే చూసిన కెంపు రంగు.

మన అవసరానికి మాత్రం ఈ గోళం పనికిరాదు. ఆకుపచ్చ కాంతిని ఒంట్లో రక్తమే మింగేస్తుంది. బంగారపు లయను 800 నానోమీటర్ల దాకా జరపాలి. దానికి దారి చూపింది అమెరికాలో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త నయోమీ హాలస్ బృందం. 1990లలో వాళ్లు గట్టి బంగారు గోళానికి బదులు, ఇసుకలోని పదార్థమైన సిలికాతో గోళం చేసి, దానిపై పలచటి బంగారు తొడుగు వేశారు. ఇలాంటి తొడుగుకు లోపలా బయటా రెండు ఉపరితలాలు ఉంటాయి. రెండింటిలోని ఎలక్ట్రాన్ల కదలికలు ఒకదాన్నొకటి ప్రభావితం చేసుకుంటాయి. తొడుగు పలచనవుతున్న కొద్దీ లయ పరారుణం వైపు జరుగుతుంది. అంటే గోళం ఎంత, తొడుగు మందం ఎంత అనే రెండు అంకెలు మారిస్తే చాలు, కావలసిన తరంగదైర్ఘ్యానికి కణాన్ని శ్రుతి చేసుకోవచ్చు. నానోషెల్ అని దీనికి పేరు. మనుషులపై పరీక్షల దాకా వచ్చిన కణాల్లో సిలికా గోళం సుమారు 120 నానోమీటర్లు, బంగారు తొడుగు 15 నానోమీటర్లు, మొత్తం వ్యాసం 150. ఒక ఎర్ర రక్తకణం అడ్డంగా ఇలాంటి యాభై కణాలకు చోటిస్తుంది.

తయారీ కూడా ముచ్చటైనదే. ముందు సిలికా గోళాలను ఒకే సైజులో పెంచుతారు. వాటి ఉపరితలంపై బంగారాన్ని పట్టి ఉంచే అమైన్ సమూహాలను అంటిస్తారు. ఒకటి రెండు నానోమీటర్ల బంగారు రవ్వలను ఆ ద్రావణంలో కలిపితే అవి గోళానికి చుక్కలు చుక్కలుగా అంటుకుంటాయి. తర్వాత బంగారు లవణ ద్రావణం పోసి రసాయన చర్య జరిపితే, ఒక్కో చుక్క పెరిగి పక్క చుక్కతో కలిసి, చివరికి గోళం చుట్టూ అతుకు లేని తొడుగు ఏర్పడుతుంది. ఆపైన పాలిఇథిలిన్ గ్లైకాల్ అనే పాలిమర్ పూత వేస్తారు. ఒంటి రక్షక కణాలు దీన్ని పరాయి వస్తువుగా వెంటనే పసిగట్టకుండా ఆ పూత కొంతసేపు కాపాడుతుంది.

ఇలాంటి కణంపై సరైన కాంతి పడితే, ఊగిన ఎలక్ట్రాన్లు ఆ శక్తిని పికోసెకన్లలో లోహపు పరమాణువుల జాలకానికి, అక్కణ్నుంచి చుట్టూ ఉన్న నీటికి వేడి రూపంలో అప్పజెప్పేస్తాయి. పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లవ వంతు. వైద్యంలో వాడే ఇండోసయనిన్ గ్రీన్ రంగు కూడా 800 నానోమీటర్ల దగ్గరే కాంతిని పీలుస్తుంది. దాని ఒక్క అణువుతో పోలిస్తే ఒక నానోషెల్ పట్టే కాంతి సుమారు పది లక్షల రెట్లు.

ఎలుకల దగ్గర గెలుపు

హాలస్, ఆమె సహచరి జెన్నిఫర్ వెస్ట్ బృందం 2003లో ప్రచురించిన పరిశోధనలో, నానోషెల్స్ చేర్చిన కణితులపై 820 నానోమీటర్ల లేజర్ వేసి, ఉష్ణోగ్రతను ఎంఆర్ఐతో కొలిచారు. నాలుగు నుంచి ఆరు నిమిషాల్లో వేడి సగటున 37 డిగ్రీలకు పైగా పెరిగింది. నానోషెల్స్ లేని కణజాలంపై అదే లేజర్ వేస్తే పెరుగుదల పది డిగ్రీల లోపే ఉంది. కాంతి ఒకటే, మోతాదు ఒకటే. తేడా తెచ్చింది బంగారమే.

2004లో ఇదే సమూహం మరో అడుగు వేసింది. ఈసారి కణాలను నేరుగా కణితిలో గుచ్చకుండా ఎలుకల రక్తంలోకి ఎక్కించి, ఆరు గంటలు ఆగి, చర్మంపై నుంచి 808 నానోమీటర్ల లేజర్‌ను మూడు నిమిషాలు వేశారు. చికిత్స అందిన ఎలుకల్లో కణితులన్నీ కరిగిపోయాయి. తొంభై రోజులు దాటాక కూడా ఎలుకలు ఆరోగ్యంగా ఉన్నాయి. కణాలు ఎక్కించకుండా లేజర్ మాత్రమే వేసినవాటిలో కణితులు పెరుగుతూనే పోయాయి.

ఆ తర్వాత ప్రయోగశాలలు పోటీపడ్డాయి. అమెరికాలో జార్జియా టెక్‌కు చెందిన ముస్తఫా ఎల్-సయ్యద్ బృందం బంగారు నానో కడ్డీలను తెచ్చింది. పొడవు వెడల్పుకు నాలుగు రెట్లు ఉంటే చాలు, కడ్డీ లయ 800 నానోమీటర్ల దగ్గరికి వచ్చేస్తుంది. స్టాన్‌ఫర్డ్‌లో కార్బన్ నానోట్యూబులు, చైనాలోని సూచోలో గ్రాఫీన్, ఇంకా రాగి సల్ఫైడ్, పుట్టుమచ్చలకు రంగునిచ్చే మెలనిన్‌కు దగ్గరి బంధువైన పాలీడోపమైన్... ఒక్కోదానిపైనా వందలాది పరిశోధన పత్రాలు వచ్చాయి. దాదాపు ప్రతి పత్రంలోనూ ఎలుక బాగుపడింది.

మనిషి దగ్గరికి వచ్చేసరికి

ఎలుకల్లో అంత సులువుగా పనిచేసింది మనుషుల ఆసుపత్రికి ఎందుకు రాలేదు? ఈ ప్రశ్నకు జవాబు ఆ పత్రాల్లోని అంకెల్లోనే ఉంది.

మొదటిది లోతు. ఎలుక బరువు పాతిక గ్రాములు. దాని చర్మం కింద పెంచిన కణితి ఒంటి పైనే, కొన్ని మిల్లీమీటర్ల మందంలో ఉంటుంది. లేజర్ దాన్ని ఒక్క వేటుకు ఆసాంతం తడిపేస్తుంది. మనిషి కాలేయంలోనో, క్లోమంలోనో ఉన్న కణితి చర్మానికి ఎన్నో సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. బయటి నుంచి వేసిన కాంతి అక్కడికి చేరేసరికి కణాన్ని వేడెక్కించే పస ఉండదు.

రెండోది లేజర్ బలం. 808 నానోమీటర్ల కాంతిని మనిషి చర్మంపై ఎంతసేపైనా వేయడానికి భద్రతా ప్రమాణాలు అనుమతించే తీవ్రత చదరపు సెంటీమీటరుకు 0.33 వాట్లు. 2004 నాటి ఎలుకలపై వాడింది 4 వాట్లు, అంటే పన్నెండు రెట్లు. తర్వాతి పత్రాల్లో ఒకటి రెండు వాట్లకు దించినా చాలావాటిలో హద్దు దాటే ఉంది. లోతు సరిపోలేదని తీవ్రత పెంచితే ముందు కాలేది చర్మం.

మూడోది, అన్నిటికన్నా మొండిది, కణాల ప్రయాణం. కణితి ఆత్రంగా పెంచుకున్న రక్తనాళాల గోడల్లో సందులుంటాయని, పెద్ద అణువులు ఆ సందుల గుండా జారి అక్కడే నిలిచిపోతాయని 1986లో జపాన్ శాస్త్రవేత్తలు మత్సుమురా, మయేదా చూపారు. నానో వైద్యం ఆశలన్నీ ఈ సూత్రం మీదే నిలబడ్డాయి. ముప్పై ఏళ్ల తర్వాత, 2016లో, కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన వారెన్ చాన్ బృందం అప్పటికి పదేళ్లలో వచ్చిన పరిశోధనలను వరసపెట్టి లెక్క చూసింది. రక్తంలోకి ఎక్కించిన నానో కణాల్లో కణితికి చేరినవి మధ్యస్థంగా 0.7 శాతం. వంద ఎక్కిస్తే ఒకటి కూడా చేరడం లేదు. మిగతావాటిలో సింహభాగం కాలేయం, ప్లీహాల్లోని రక్షక కణాలకు చిక్కుతుంది. రక్తాన్ని వడకట్టడం వాటి పని, అవి తమ పని తాము చేస్తున్నాయి. ఎలుకల కణితులు వేగంగా పెరుగుతాయి కాబట్టి వాటి నాళాల్లో సందులు ఎక్కువ. మనుషుల కణితుల్లో ఆ సందులు ఒకరిలో ఉన్నట్టు ఇంకొకరిలో ఉండవు.

ప్రొస్టేట్‌లో కుదిరిన లెక్క

ఈ అడ్డంకుల్లో కొన్నింటినైనా దాటగలిగే చోటును వెతుక్కోవడమే తెలివైన పని అయింది. పురుషుల్లో మూత్రాశయం కింద ఉండే ప్రొస్టేట్ గ్రంథి అలాంటిది. దాని చుట్టూ మూత్రాన్ని ఆపే కండరం, లైంగిక సామర్థ్యానికి అవసరమైన నరాలు, వెనుక పురీషనాళం అతి దగ్గరగా ఉంటాయి. గ్రంథి మొత్తాన్ని తీసేసినా, రేడియేషన్ ఇచ్చినా చాలామందికి ఆ తర్వాత మూత్రం ఆగకపోవడమో, లైంగిక సమస్యలో తప్పవు. క్యాన్సర్ గ్రంథిలో ఒక మూలకే పరిమితమైనప్పుడు ఆ మూలనే కాల్చి, మిగిలింది వదిలేయగలిగితే రోగికి ఎంతో మేలు. హద్దు విలువ ఇంత స్పష్టంగా తెలిసే అవయవం మరొకటి దొరకదు.

న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ ఆసుపత్రిలో ఆర్దెషిర్ రాస్తినెహాద్ ఆధ్వర్యంలో జరిగిన ఒక పరీక్షలో, తక్కువ లేదా మధ్యస్థ ముప్పున్న ప్రొస్టేట్ క్యాన్సర్ ఉన్న 16 మందిని తీసుకున్నారు. ముందుగా నానోషెల్స్‌ను సెలైన్ మాదిరిగా రక్తంలోకి ఎక్కించారు. కణాలు కణితిలో చేరేందుకు వ్యవధి ఇచ్చి, ఆపై లేజర్‌కు సిద్ధం చేశారు. కాంతిని బయటి నుంచి వేయలేదు. ఎంఆర్ఐలో కనిపించిన కణితి బొమ్మను అల్ట్రాసౌండ్ తెరపై అతికించి, ఆ బొమ్మను చూస్తూ సన్నని ఆప్టికల్ ఫైబర్‌ను కణితి మధ్యకే దించారు. దాంతో లోతు సమస్య పక్కకు పోయింది. చర్మం కాలే సమస్యా పోయింది.

ఇందులో అసలు మెలిక లేజర్ బలాన్ని ఎంచుకోవడంలో ఉంది. కాంతి ఒక్కటే పడితే కణజాలం చావనంత తక్కువకు దాన్ని దించి పెట్టారు. నానోషెల్స్ ఉన్నచోట మాత్రమే వేడి చావు గీత దాటుతుంది. ఫైబర్ కాస్త అటూ ఇటూ జరిగినా, కాంతి కణితి అంచు దాటి చిందినా, అక్కడ బంగారం లేకపోతే ఏమీ కాదు. మామూలు అబ్లేషన్‌లో హద్దు గీసేది సూది. ఇక్కడ గీసేది కణాలు చేరిన చోటు.

2019లో వెలువడిన ఫలితాల ప్రకారం 16 మందిలో 15 మందికి చికిత్స అనుకున్నట్టే పూర్తయింది. తీవ్రమైన దుష్ఫలితాలు రాలేదు. మూత్ర, లైంగిక సామర్థ్యాల్లో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. ఏడాది తర్వాత ముక్క పరీక్ష చేస్తే ఆ 15 మందిలో 13 మందికి కాల్చిన చోట క్యాన్సర్ కనబడలేదు. ఆ తర్వాత మరింత మందిని చేర్చి చూసినప్పుడు అంకె కాస్త దిగింది: 44 మందిలో 32 మంది, అంటే 73 శాతం. నలుగురిలో ఒకరికి పైగా కాల్చిన చోటే క్యాన్సర్ మిగిలిందన్న మాట. చిన్న గుంపులో మెరిసిన ఫలితం పెద్ద గుంపులో కొంత మసకబారడం వైద్య పరీక్షల్లో మామూలే. అది ఓటమి కాదు గానీ, దీన్ని ఆపరేషన్‌తోనో రేడియేషన్‌తోనో నేరుగా పోల్చి చూసే పెద్ద పరీక్షలు జరగకుండా ఇది వాటికి ప్రత్యామ్నాయమని చెప్పడం తొందరపాటవుతుంది.

పని అయ్యాక ఆ బంగారం ఎటు పోతుంది?

కణితి కాలిపోయింది, సరే. కణితికి చేరని తొంభై తొమ్మిది వంతుల కణాల మాటేమిటి? మూత్రపిండాలు వడకట్టి బయటికి పంపగలిగేది సుమారు ఆరు నానోమీటర్ల లోపు కణాలనే. 150 నానోమీటర్ల నానోషెల్‌కు ఆ దారి మూసుకుపోయినట్టే. అది కాలేయంలో, ప్లీహంలో చాలాకాలం ఉండిపోతుంది. బంగారం రసాయనికంగా మందకొడి కాబట్టి ఇప్పటిదాకా పరీక్షల్లో దానివల్ల పెద్ద హాని బయటపడలేదు. కానీ ముప్పై ఏళ్లు బతకాల్సిన రోగి ఒంట్లో అది అలాగే ఉండటం సరైనదేనా అని నియంత్రణ సంస్థలు అడిగే ప్రశ్న న్యాయమైనదే.

దీనికి మన దేశంలో ఒక మంచి జవాబు తయారైంది. ఐఐటీ బొంబాయి, నవీ ముంబైలోని టాటా మెమోరియల్ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు కలిసి 2015లో ప్రచురించిన పనిలో సిలికా గోళం బదులు లైపోజోమ్‌ను వాడారు. లైపోజోమ్ అంటే కణత్వచంలో ఉండే కొవ్వుల వంటి వాటితోనే చేసిన బోలు గోళం. దానిపై బంగారం పూత వేస్తే నానోషెల్‌లాగే పరారుణ కాంతిని పట్టి వేడెక్కుతుంది. పని అయ్యాక కొవ్వు గోళం విచ్చిపోతుంది, బంగారం చిన్న చిన్న రవ్వలుగా విడిపోతుంది. ఆ రవ్వలు కాలేయం ద్వారా, మూత్రపిండాల ద్వారా బయటికి పోయే వీలుందని ఎలుకల్లో చూపారు. ఆ పరిశోధనలో ముఖ్య పాత్ర వహించిన అరవింద్ కుమార్ రెంగన్ ఆ తర్వాత సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో అధ్యాపకుడిగా చేరి, కాంతితో పనిచేసే నానో వైద్యంపైనే పరిశోధన సాగిస్తున్నారు.

కాంతినే వదిలేసి చూసినవాళ్లూ ఉన్నారు. జర్మనీలో ఐరన్ ఆక్సైడ్ నానో కణాలను మెదడులోని గ్లియోబ్లాస్టోమా కణితిలోకి నేరుగా గుచ్చి, బయటి నుంచి దిశ మార్చే అయస్కాంత క్షేత్రంతో వేడెక్కించే పద్ధతిని రూపొందించారు. అయస్కాంత క్షేత్రానికి ఎముకా, మాంసమూ అడ్డు కావు. దానికి 2010లోనే ఐరోపాలో అనుమతి వచ్చింది. అయితే ఆ కణాలు ఎంఆర్ఐ బొమ్మను చెడగొడతాయి, తర్వాత కణితి తిరిగి వచ్చిందో లేదో చూడటం కష్టమవుతుంది. ఒక చిక్కు విప్పితే ఇంకోటి పడుతుంది.

అంచున మిగిలేవి

కణితి నడిమధ్య 60 డిగ్రీలు ఉన్నప్పుడు, నానో కణాలు పలచగా చేరిన అంచులో 42 మాత్రమే ఉండొచ్చు. చావుకు చాలని వేడి తగిలిన క్యాన్సర్ కణం ఊరికే కూర్చోదు. హీట్ షాక్ ప్రొటీన్లను తయారుచేసుకుని, దెబ్బతిన్న ప్రొటీన్లను సరిదిద్దుకుని, తర్వాతి వేడిని తట్టుకోవడానికి సిద్ధపడుతుంది. 73 శాతం దగ్గర ఆగిన అంకె వెనుక ఈ అంచుల పాత్ర ఉండే వీలు చాలా ఉంది. అందుకే ఈ ప్రొటీన్లను అడ్డుకునే మందులను నానో కణంలోనే నింపి పంపే ప్రయత్నాలు జరుగుతున్నాయి.

ఇక్కడే బుష్, కోలీల పాత కథ తిరిగి అక్కరకొస్తుంది. వేడికి చచ్చిన క్యాన్సర్ కణం పగిలి, లోపలి పదార్థాలను చుట్టూ చిమ్ముతుంది. అప్పటివరకు రోగనిరోధక వ్యవస్థ కంటబడని గుర్తులు బయటపడతాయి. సరిగ్గా ఆ సమయానికి నిరోధక కణాల కళ్లేలను వదిలే ఇమ్యూనోథెరపీ మందులు ఇస్తే, కాంతి తగలని దూరపు కణితులు కూడా కుంచించుకుపోవడం ఎలుకల్లో కనిపించింది. మనుషుల్లో ఇది నిలబడితే అంచున మిగిలినవాటిని, ఒంట్లో ఎక్కడో దాగినవాటిని వేటాడే పని ఒంటికే అప్పజెప్పవచ్చు. చికిత్స ఒకే చోటికి పరిమితమవడం అనే లోపం కొంతైనా తీరుతుంది.

మన నోటి క్యాన్సర్ల సంగతి

ఫైబర్ చేరగలిగే చోటు, అందులోనూ హద్దు ముఖ్యమైన చోటు కావాలంటే మనకు ప్రొస్టేట్ కన్నా దగ్గరి ఉదాహరణ ఉంది. అదే నోరు. గుట్కా, ఖైనీ, చుట్టల వల్ల నోటి క్యాన్సర్లు మన దేశంలో మగవాళ్లలో అగ్రభాగాన ఉన్నాయి. ఉత్తరాంధ్ర తీరంలో కాలుతున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్లలో అంగిలి క్యాన్సర్ ఎక్కువగా వస్తోందని విశాఖ వైద్యులు 1950లలోనే రాశారు. అక్కడ పొగాకు విషంతో పాటు ఏళ్ల తరబడి తగిలిన నిప్పు వేడి కూడా దోషేనని చాలాకాలంగా అనుమానం. హద్దు లేని వేడి తెచ్చిపెట్టిన జబ్బుకు హద్దులో ఉన్న వేడిని మందుగా ప్రయత్నించడంలో అర్థముంది. నోటిలో కణితి కంటికి కనబడుతుంది, కాంతికి అందుతుంది. దవడ, నాలుక కోసేయాల్సి వస్తే మాట, తిండి, ముఖం అన్నీ దెబ్బతింటాయి కాబట్టి కొంచెం కణజాలం మిగిల్చినా రోగికి అది పెద్ద లాభమే. హాలస్ బృందం కణాలను మనుషుల్లో తొలుత పరీక్షించిన చోట్లలో తల, మెడ క్యాన్సర్లు కూడా ఉన్నాయి. ఈ సాంకేతికతను మన అవసరానికి మలుచుకోవాలంటే మన పరిశోధకులు ముందు చూడాల్సింది ఇటే అని నాకనిపిస్తుంది.

అయితే ఈరోజు ఆసుపత్రి వరండాలో ఫైలు పట్టుకుని కూర్చున్నవారికి చెప్పాల్సిన మాట వేరు. కాంతితో వేడెక్కే నానో కణాల చికిత్స ఇంకా పరీక్షల దశలోనే ఉంది. బంగారం పేరు చెప్పి ఎవరైనా భస్మమో, నానో చుక్కలో తాగమంటే దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఇక్కడ బంగారం మందు కాదు. లేజర్, ఫైబర్, ఎంఆర్ఐ లేకుండా అది ఊరికే లోహం.

ఇకముందు కూడా నానో కణాలతో కణితి మాయం అనే వార్తలు వస్తూనే ఉంటాయి. అలాంటి వార్త కనబడినప్పుడు అందులో మూడు సంగతులు వెతకండి: కణితి ఎంత లోతులో ఉంది, లేజర్ తీవ్రత ఎంత, కణితికి చేరని కణాలు చివరికి ఎటు పోయాయి. ఈ మూడింటికీ జవాబుంటే అది చికిత్స వైపు నడుస్తున్న పరిశోధన. లేకపోతే ఇంకో ఎలుక బాగుపడిందని అర్థం. ఆ పరిశోధన మనదాకా వచ్చేలోగా, నోట్లో రెండు మూడు వారాలైనా మానని పుండుంటే దాన్ని డాక్టరుకు చూపించుకోవడానికి ఏ నానో కణం కోసమూ ఎదురుచూడాల్సిన పని లేదు. తొలి దశలో పట్టుబడిన కణితికి ఇప్పుడున్న శస్త్రచికిత్స, రేడియేషన్ బాగానే పనిచేస్తాయి. కాలయాపన చేస్తే మాత్రం, రేపు రాబోయే ఈ కొత్త చికిత్స కూడా పెద్దగా ఆదుకోలేదు. ఎందుకంటే అదీ హద్దు దాటని కణితినే కాల్చగలదు.